లీవుకు దాచుకున్న నొప్పి

జల్లెడలో వేసిన మెత్తటి అన్నాన్ని గరిటె వెనక భాగంతో రుద్దుతున్నాను. కింద గిన్నెలోకి తెల్లటి గుజ్జు కొద్దికొద్దిగా దిగుతోంది. కావ్యకు అన్నప్రాశన అయిన కొత్తలో ఇలాగే చేసేదాన్ని. ఇప్పుడు వాళ్ళ బాపు, మా ఆయన నాగేందర్ కోసం చేస్తున్నాను.

"అమ్మా, బాపుకు పండ్లు లేవా?" అంది కావ్య. వంటింటి గడప మీద కూర్చొని బొమ్మకు జడ వేస్తోంది.

"ఉన్నయ్ బిడ్డా. ఒకటి తీసేసిండ్రు."

"నాకు రెండు ఊడినయ్. నాకెందుకు అన్నం జల్లెడ పడ్తలేవు?"

"నువ్వు రెండు ఊడినా నోరు మూస్తలేవు. ఆయనకు ఒక్కటి తీస్తే నోరు తెరుస్తలేడు."

అది పకపకా నవ్వింది. గదిలోంచి నాగేందర్ ముక్కుతో ఏదో శబ్దం చేశాడు. నవ్వాడో, నొప్పితో మూలిగాడో తెలియలేదు.

గిన్నె పట్టుకొని లోపలికి వెళ్ళాను. గోడకు దిండు ఆనించి కూర్చున్నాడు. ఎడమ దవడ రొట్టెకు కలిపిన పిండి ముద్దలా ఉబ్బి ఉంది. కన్ను సగం మూసుకుపోయింది. నిన్న మధ్యాహ్నం క్లినిక్ నుంచి వచ్చినప్పుడు ఇంత వాపు లేదు. ఇది నా చేతి పనే.

పై అంతస్తులో ఉండే మేరాజ్ బేగం నిన్న సాయంత్రం చూడడానికి వచ్చింది. కడప ఆవిడ. "ఉప్పు బాగా యేంచి, గుడ్డలో మూటకట్టి కాపడం పెట్టు స్వర్ణా. తెల్లారేసరికి నొప్పి ఏమైపోయిందో కూడా తెలీదు" అంది. మా ఊళ్ళోనూ దవడ నొప్పికి అదే మందు. నేను మూడుసార్లు పెట్టాను. మూడోసారి నాగేందర్ వద్దు వద్దని చెయ్యి ఊపాడు. తన కోసం నేను కష్టపడితే ఎప్పుడూ అలాగే అంటాడు కదా అని నాలుగోసారీ పెట్టాను.

పొద్దున అతని చొక్కా ఉతకబోతే జేబులో క్లినిక్ వాళ్ళిచ్చిన కాగితం దొరికింది. ఒకవైపు అరబ్బీ, ఒకవైపు ఇంగ్లీషు. నేను మా ఊరి బడిలో పదో తరగతి దాకా తెలుగులో చదువుకున్నదాన్ని. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కొని చదివాను. చదవలేని వాళ్ళ కోసం బొమ్మలు కూడా వేశారు. చెంప మీద మంచుగడ్డ పెట్టుకున్న మనిషి బొమ్మ పక్కన పచ్చటి టిక్కు. పొగలు వచ్చే మూట మీద ఎర్రటి ఇంటూ. మొదటి రోజు పుక్కిలించకూడదు. సిగరెట్ వద్దు. స్ట్రాతో పీల్చకూడదు. గట్టిగా ఉమ్మకూడదు.

కాగితం తెచ్చి అతని ముందు పెట్టి, పొగల మూట బొమ్మ మీద వేలు పెట్టాను.

"గిది నీకు ముందే తెలుసా?"

తల ఊపాడు.

"మరి చెప్పరాదా?"

తన నోటి వైపు చూపించాడు. తర్వాత నా చేతి వైపు చూపించి, రెండు చేతులూ జోడించి దండం పెట్టాడు. నాకు ఏడుపూ నవ్వూ రెండూ వచ్చాయి.

గడ్డకట్టిన బఠాణీల ప్యాకెట్టును తువ్వాలులో చుట్టి దవడకు పెట్టాను. ఇరవై నిమిషాలు పెట్టాలి, ఇరవై నిమిషాలు తీసేయాలి అని కాగితంలో ఉంది. అందుకని గోడ గడియారం ఎదురుగా కూర్చున్నాను.

"ఆ అను."

అన్నాడు. నా చిటికెన వేలు దూరేంత సందు తెరుచుకుంది. అందులోంచి కావ్య చిన్నప్పటి చెంచాతో గుజ్జు పోశాను. సగం లోపలికి పోయింది, సగం గడ్డం మీదికి కారింది. తుడిచాను. మళ్ళీ పోశాను.

పోయిన ఆదివారం నుంచి మా మధ్య సరిగ్గా మాటల్లేవు. "ఇఖామా రెన్యూవల్ లోపల మిమ్ముల ఎగ్జిట్ల పంపుత" అన్నాడు ఆ రోజు. "నేను పోను" అన్నాను. అంతే. సౌదీలో కుటుంబాన్ని ఉంచుకున్న వాళ్ళు కట్టే ఫీజు మొదట తలకు నెలకు వంద రియాళ్ళు. మరుసటి ఏడు రెండొందలు. ఇప్పుడు మూడొందలు. వచ్చే ఎండాకాలానికి నాలుగొందలట. నాకూ కావ్యకూ ఏడాదిది మొత్తం ఒకేసారి ముందే కట్టాలి. కట్టకపోతే అతని ఇఖామా, అంటే ఇక్కడ ఉండనిచ్చే కార్డు కూడా రెన్యూవల్ కాదు. మేముండే ఖఫ్జీలో మా బిల్డింగులో నాలుగు తెలుగు కుటుంబాలు ఉండేవి. ఇప్పుడు మేమూ, మేరాజ్ బేగం వాళ్ళూ మిగిలాం.

అది నాకు తెలుసు. తెలియనిది వేరే ఉంది. నిన్న క్లినిక్‌లో కూర్చున్నప్పటి నుంచి అదే ఆలోచిస్తున్నాను.

మిస్రీ డాక్టరు, ఈజిప్టు ఆయన, ఎక్స్‌రే పైకెత్తి చూపించాడు. అన్ని పళ్ళూ నిలబడి ఉన్నాయి. చివరిది మాత్రం గడపకు అడ్డంగా పడుకున్న కుక్కలా చిగురు లోపల పక్కకు పడుకొని ఉంది. ఎముక కోసి, పన్నును రెండు ముక్కలు చేసి తీయాలన్నాడు. కౌంటరులో అమ్మాయి ఇన్సూరెన్స్ కార్డు చూసింది. మామూలుగా పీకితే కార్డు మీద అవుతుందట. కోసి తీస్తే కాదట. కంపెనీకి రాసి అడగొచ్చుగానీ జవాబు రావడానికి రెండు వారాలు పడుతుందట. లేదంటే ఎక్స్‌రేకు వంద, ఆపరేషనుకు ఎనిమిదొందల యాభై రియాళ్ళు మేమే కట్టాలి.

నాగేందర్ బ్యాంకు కార్డు తీసి ఇచ్చాడు.

అర రియాలు కొత్తిమీర కట్ట కోసం బంగాలీ కొట్టువాడితో పది నిమిషాలు వాదించే మనిషి ఒక్క మాట అడగలేదు. కాస్త తగ్గించమని కూడా అనలేదు. నాకు మొదట అక్కడే తేడా తోచింది.

నలభై నిమిషాలకు బయటికి వచ్చాడు. నాలుగు కుట్లు. నోట్లో దూది కరిచిపట్టుకొని ఉన్నాడు. వెనకాలే డాక్టరు వచ్చి అతని భుజం తట్టాడు. "దర్ద్ మాఫీ. ఖలాస్" అని, నొప్పి లేదు, అయిపోయిందని నాకు ధైర్యం చెప్పాడు.

ఇక్కడ మా వాళ్ళెవరూ పన్ను తీయించుకోరు. మా వాళ్ళందరి రోగాలూ లీవుకే. ఏ నొప్పి వచ్చినా "పోయినప్పుడు సూపిచ్చుకుంట" అంటారు. ఊళ్ళో అయితే నాలుగోవంతు ఖర్చుతో అయిపోతుంది, పక్కన మనుషులుంటారు. ఇక్కడే పనిచేసే మా ఊరి హన్మాండ్లు మామ మోకాలినీ, కంటి పొరనూ, పాత వరిబీజాన్నీ అన్నిటినీ కలిపి మూడేళ్ళు దాచుకున్నాడు. రెండు నెలల లీవులో నెలా పదిరోజులు కరీంనగర్ దవాఖానల్లోనే తిరిగి వచ్చాడు. నాగేందరూ అంతే. ఈ పన్ను ఎండాకాలంలో బాగా నొప్పి పెట్టింది. లవంగం అదిమి, బిళ్ళలు మింగి ఓర్చుకున్నాడు. "ఏప్రిల్ల లీవుంది గదా, జగిత్యాలల పీకిచ్చుకుంట" అన్నాడు. మూడు నెలల నుంచి నొప్పి కూడా లేదు.

ఏప్రిల్‌కు ఇంకా నాలుగు నెలలే. నొప్పి లేని పన్నును, రెండు వారాలు కూడా ఆగకుండా, బేరం లేకుండా ఎందుకు తీయించుకున్నట్టు?

చివరి చెంచా పోసి గిన్నె పక్కన పెట్టాను.

"ఒక్క మాట అడుగుత. చెప్తవా?"

మళ్ళీ నోటి వైపు చూపించాడు.

కావ్య బొమ్మలు గీసే పుస్తకమూ, నీలం స్కెచ్ పెన్నూ తెచ్చి అతని ఒళ్ళో పెట్టాను.

"రాయి. ఇప్పుడెందుకు తీయించుకున్నవ్?"

కాసేపు పెన్ను పట్టుకొని చూశాడు. రాశాడు. పుస్తకం తిప్పి చూపించాడు.

*మళ్ల లేస్తది నొప్పి.*

"లేస్తే లేవనీ. ఏప్రిల్ల పోతవు గదా?"

పుస్తకం తన వైపు తిప్పుకున్నాడు. పెన్ను మూత పెట్టాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు.

"పోవా?"

బెల్లు మోగింది.

సదానందం అన్న వచ్చాడు. కంపెనీలో నాగేందర్‌తో కలిసి ఏసీ పని చేస్తాడు. మా పక్క మండలం. నన్ను చెల్లె అంటాడు, అతన్ని బావ అంటాడు. రెండేళ్ళ కింద భార్యాపిల్లల్ని పంపేసి ఇప్పుడు కంపెనీ క్యాంపులో ఉంటున్నాడు. శుక్రవారం శుక్రవారం మా ఇంట్లో అన్నం తింటాడు. చేతిలో ఐస్‌క్రీం డబ్బా ఉంది.

గదిలోకి తొంగిచూసి ఆగిపోయాడు.

"ఇదేంది బావా, సొరకాయ మింగినవా? అడ్డం పడ్డట్టుంది."

నాగేందర్ దిండు విసిరినట్టు చెయ్యి ఎత్తాడు.

"నవ్వకు నవ్వకు, కుట్లు తెగుతయ్. చెల్లే, జర చెంచా ఇయ్యి. బావకు నేను తినిపిస్త. ఇసొంటి మోక మళ్ల దొరకది. ఎన్ని తిట్టినా ఎదురు మాట్లాడడు."

"మీ బావకు మెత్తగ కరిగినంకనే పెట్టాలె అన్నా. మరీ సల్లగున్నా కుట్లకు తాకుతది."

"అగో, చెల్లె డాక్టరైంది."

"డాక్టరైతే నిన్న ఉప్పు కాపడం పెట్టకపోతుండె" అన్నాను.

విషయం విని పొట్ట పట్టుకొని నవ్వాడు. కావ్యను ఒళ్ళో కూర్చోబెట్టుకొని దానికో చెంచా, తనకో చెంచా ఐస్‌క్రీం పెట్టుకున్నాడు. "మా ఇంట్ల అయితే ఇయ్యాల దిష్టి కూడ తీస్తుండె" అన్నాడు. "నా బిడ్డతోని నిన్న వీడియో కాల్ మాట్లాడిన. ఫోన్ బియ్యం డబ్బాకు ఆనిచ్చి అది ఆడుకోను పోతది. రెండేండ్ల సంది నేను మా ఇంటి ఫ్యాన్ సూస్తున్న చెల్లే. ఆ ఫ్యాన్‌కు మూడు రెక్కలు, ఒకటి జర ఒంగింది."

మేమెవరమూ నవ్వలేదు. అతనే నవ్వాడు.

"ఏదేమైనా మంచిపని చేసినవ్ బావా" అన్నాడు డబ్బా మూత పెడుతూ. "పీకిచ్చుకున్నవ్, పీడ పోయింది. సముద్రం నడిమిట్ల దవడ పట్టుకుంటే మనకోసం హెలికాప్టర్ పంపుతరా? గందుకే మెడికల్ల ముందుగాల పండ్లే సూస్తరట."

నాగేందర్ చెయ్యి ఊపాడు. సదానందం అన్న ఆ చెయ్యిని పొగడ్త వద్దన్నట్టుగా అనుకున్నాడు.

"వద్దంటవేంది, నిజమే గదా. సౌదీలు తక్కువున్నరని సర్కారు లెక్కల మన కంపెనీ పచ్చల నుంచి పసుపుల పడ్డది. ఊళ్ళె ఏసీల పని ఎన్నడు బందయితదో తెల్వది. సముద్రంల ఆయిల్ ప్లాట్‌ఫాం పని అట్ల కాదు. జీతం దగ్గర దగ్గర రెండింతలు. రెండేండ్లు లీవు అడుగనని సంతకం పెడితే లీవు పైసలు సుత చేతికిస్తరు. టైంకీపర్ ఓబులయ్య అన్న పొద్దుగూకినంక, మగ్రిబ్ నమాజు అయినంక నీకు ఫోన్ జేస్తనన్నడు. ఆఖరి మాట కోసం. రేపు పొద్దుగాల పేర్లు పోతయట…"

అప్పుడు నా ముఖం చూశాడు.

కావ్య చెంచా నాకుతోంది.

"చెల్లే… నీకు చెప్పలేదా?"

"ఇరవై నిమిషాలైంది" అన్నాను. లేచి నాగేందర్ దవడ మీది బఠాణీల ప్యాకెట్టు తీశాను. అతను నా మణికట్టు పట్టుకోబోయాడు. నేను తువ్వాలు మడతపెట్టుకుంటూ వంటింట్లోకి వెళ్ళాను.

వెనక సదానందం అన్న గొంతు చిన్నగా వినిపించింది. "నువ్వు జెప్పినవనుకున్న బావా. ఒట్టు, నువ్వు జెప్పినవనుకున్న."

అతను అన్నం తినకుండానే బయల్దేరాడు. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ ఆగాడు.

"నేనేమనలేను చెల్లే. నేను పంపినోన్నే. వద్దని చెప్ప నాకు ముఖం లేదు, పంపుమని చెప్ప మనసొప్పదు."

"తిని పో అన్నా."

"ఆకలి లేదు" అన్నాడు. శుక్రవారం పూట మా ఇంట్లో అతను ఆ మాట అనడం అంతకుముందు నేనెప్పుడూ వినలేదు.

తలుపు వేసి గదిలోకి వచ్చాను. నాగేందర్ అప్పటికే పుస్తకంలో ఏదో రాసి పట్టుకొని ఉన్నాడు. నేను చూడలేదు. కిటికీ తెర సర్దాను. మంచం మీది దుప్పటి దులిపాను. కావ్య ఆ పుస్తకం లాక్కొని గట్టిగా చదివింది. దానికి నేనే తెలుగు నేర్పుతున్నాను. అక్షరాలు దొరికితే చాలు, వదలదు.

"మీ… కో… స… మే. మీకోసమే! అమ్మా, మీకోసమే అని రాసిండు."

"మాకోసమా?" అన్నాను. "మమ్ముల అడిగినవా?"

రాశాడు. కావ్య చదివింది.

"రెం… డేం… డ్లే."

"రెండేండ్లే. ఇగో, దీనికిప్పుడు ఆరేండ్లు. రెండు పండ్లు ఊడినయ్. నువ్వొచ్చే నాటికి ముందు పండ్లన్ని ఊడి కొత్తయి వస్తయ్. నువ్వు ఒక్కటి కూడ సూడవు. నీ ఒక్క పన్ను కోసం నేను నిన్నటి సంది ఎట్లున్ననో సూసినవా?"

కావ్య నోరు తెరిచి ఊడిన చోటు వాళ్ళ బాపుకు చూపించింది. అతను దాని గడ్డం పట్టుకొని చూశాడు. నిజంగానే చాలాసేపు చూశాడు.

"మమ్ముల పంపుత అన్నవ్, ఒప్పుకోకున్నా ఇన్న" అన్నాను. "ఏప్రిల్ల నువ్వొస్తవనుకున్న. ఏడాదికో తాప వస్తవనుకున్న. నువ్వు మాత్రం అస్సలు రానని పన్ను పీకిచ్చుకొని కూసున్నవ్. నాకు నోటితోని చెప్పలేదు. డాక్టరుకు చెప్పినవ్, ఓబులయ్య అన్నకు చెప్పినవ్, సదానందం అన్నకు చెప్పినవ్. నాతోని చెప్పేటాళ్ళకు నోట్లె దూది పెట్టుకున్నవ్."

నేను ఇంత పొడుగ్గా ఎప్పుడూ మాట్లాడలేదు. అతనికీ ఆశ్చర్యంగా ఉన్నట్టుంది. రాయడం మరిచిపోయి నన్నే చూస్తున్నాడు.

గడియారం చూశాను. బఠాణీల ప్యాకెట్టు మళ్ళీ తెచ్చాను. తువ్వాలు చుట్టి దవడకు ఆనించాను. చల్లదనానికి ఉలిక్కిపడ్డాడు.

"నొస్తుందా?"

లేదన్నట్టు కళ్ళు మూశాడు.

"గోలీ ఏసుకునే టైమైంది. నీళ్ళు మెల్లగ తాగు."

బిళ్ళ పొడి చేసి నీళ్ళలో కలిపి తాగించాను. తర్వాత మళ్ళీ పోట్లాటకు కూర్చున్నాను.

"మేరాజ్ అక్క అబాయాలకు లేసు కుడుతది. నన్ను సుత కుట్టుమని ఎన్నిసార్లు అన్నదో నీకు ఎరుకే. నువ్వే వద్దన్నవ్, కండ్లు పోతయని. ఇప్పుడు కుడత. ఈ రెండు గదులెందుకు? ఒక్క గదిల ఉందం. స్కూలు బస్సు మానిపిస్త, నేనే నడిపిచ్చుకపోత. నడిస్తె పావుగంట."

తల అడ్డంగా ఊపాడు. రాశాడు. ఈసారి ఎక్కువసేపు రాశాడు. పుస్తకం నాకే ఇచ్చాడు.

*వచ్చే యేడు నాలుగొందలు. ఆ మీద ఎంతనో తెల్వది. కంపెనీ మూతపడితే ముగ్గురం ఒక్కసారే రోడ్డు మీద పడుతం. ఇప్పుడైతే నేనొక్కన్నే పడుత.*

నేను దాన్ని రెండుసార్లు చదివాను. అతను చెప్పింది తప్పు కాదు. తప్పయితే నాకు సులువుగా ఉండేది.

"ఒక్కనివే ఎందుకు పడాలె?" అన్నాను.

అతను పెన్ను పక్కన పెట్టి నా చెయ్యి తీసుకొని దవడ మీది తువ్వాలు మీద పెట్టుకున్నాడు. చెయ్యి చల్లబడి మొద్దుబారేదాకా అలాగే ఉంచాను. కావ్య పుస్తకం తెచ్చుకొని, అతను రాసిన మాటల చుట్టూ పువ్వులు గీయడం మొదలుపెట్టింది.

"గీ పేజీ నాకొద్దు, బాపు ఖరాబు చేసిండు" అని గొణిగింది. గొణుగుతూనే అన్నిటికీ రంగులు వేసింది.

సాయంత్రం మేరాజ్ బేగం వచ్చి గుమ్మంలోనే నిలబడి, దవడ చూసి నోటి మీద చెయ్యి వేసుకుంది. "యా అల్లా, నేనేమి సెప్తిని, ఇదేమాయె! తమ్ముడూ, నన్ను తిట్టుకుంటాండావా?" అంది. నాగేందర్ లేదు లేదని తల ఊపాడు. ఆవిడ రాగిజావ గిన్నె ఇచ్చి, "ఇదన్నా సరిగ్గా చేసినా. సల్లార్చి తాపు" అని వెళ్ళింది. అతను దాన్ని ఒక్క గుటక కూడా మిగల్చకుండా తాగాడు. ఒంట్లోకి కాస్త శక్తి వచ్చినట్టుంది. లేచి ముఖం కడుక్కొని వచ్చాడు.

మసీదులో మగ్రిబ్ అజాన్ అయింది. నమాజుకని వీధిలో కొట్ల షట్టర్లు దిగాయి. కాసేపటికి మళ్ళీ లేచాయి.

ఫోన్ మోగింది.

అది నా పక్కనే కిటికీలో ఉంది. తెర మీద ఓబులయ్య అన్న పేరు. నాగేందర్ నా వైపు చూశాడు. ఎత్తమన్నట్టు చెయ్యి తిప్పాడు. ఎత్తి, అతనికీ వినబడేలా స్పీకరు పెట్టాను.

"యామ్మా, స్వర్ణానా? బాగుండారా? నాగేందర్‌కి యెట్లుంది?"

ఓబులయ్య అన్న కంపెనీలో టైంకీపరు. ప్రొద్దుటూరు వైపు మనిషి. గొంతు ఎప్పుడూ పెద్దదే.

"నోరు తెరుస్తలేడన్నా. జావ తాగిండు."

"సదానందం సెప్పినాడులే. పాపం. సరే మ్మా, నేను ఎక్కువసేపు తీసుకోను. పేర్లు పంపాల. రాత్రికి లిస్టు రాసి పెట్టుకుంటే పొద్దున్నే మేనేజరుకు ఇస్తా. ప్లాట్‌ఫాం పనికి నాగేందర్ పేరు రాయమంటాడా, వద్దంటాడా? ఆ ఒక్క మాట సాలు నాకు."

"ఆయన మాట్లాడలేడన్నా."

"మాట్లాడాల్సిన పన్లేదు మ్మా. తల ఊపమను. నువ్వు సూసి సెప్పు."

నాగేందర్ మంచం అంచుకు జరిగాడు. నా కళ్ళలోకి చూశాడు. తర్వాత తల ఊపాడు. పైకీ కిందికీ. దవడ నొచ్చి ముఖం ముడుచుకుంది. అయినా నాకు సరిగ్గా కనబడలేదేమోనని ఇంకోసారి ఊపాడు.

"యామ్మా, ఉండావా?"

"ఉన్ననన్నా."

"ఊపినాడా?"

"ఊపిండు."

"యెట్లా?"

చిన్నప్పుడు బడిలో సార్ అడిగితే, జవాబు తెలిసినా లేచి చెప్పడానికి నాకు నోరు వచ్చేది కాదు. ఇప్పుడు అడుగుతున్న దానికి జవాబు నా ఎదురుగా కూర్చొని నన్నే చూస్తోంది.

"అడ్డంగ ఊపుతున్నడన్నా" అన్నాను.

నాగేందర్ తల ఊపడం ఆపాడు.

"అడ్డంగానా?" అన్నాడు ఓబులయ్య అన్న. "మొన్న సరే అన్న్యాడే. బాగా సూసినావా మ్మా?"

"సూసిన. రెండుసార్లు ఊపిండు."

"సరేలే. మనసు మారినట్టుంది. నేను లిస్టు మూసే లోపల ఇంకేమన్నా ఉంటే సెప్పమను. లేకుంటే వేరేవాళ్ళ పేరు రాసుకుంటా. వాన్ని బాగా సూసుకో మ్మా."

ఫోన్ ఆగిపోయింది.

"అమ్మా" అంది కావ్య కింద నుంచి. పెన్ను చేత్తో పట్టుకొని తల పైకీ కిందికీ ఊపి చూపించింది. "బాపు ఇట్ల ఊపిండు గదా?"

నేను దాని వైపు చూడలేదు. అతని వైపే చూస్తున్నాను. కోపం వస్తుందని ఎదురుచూశాను. వస్తే బాగుండును అనుకున్నాను. నాగేందర్ నన్ను ఎన్నడూ చూడనట్టు చూస్తున్నాడు. పెళ్ళయిన ఎనిమిదేళ్ళలో నేను అతని ముందు ఆడిన మొదటి అబద్ధం అది. అతని ముఖం మీద ఉన్నది ఏమిటో ఆ వాపులో నాకు దొరకలేదు.

నోరు తెరవబోయాడు. చిటికెన వేలంత సందు తెరుచుకుంది. మళ్ళీ మూసుకున్నాడు.

లేచాడు. బనీను మీద చొక్కా వేసుకున్నాడు. చలికి మఫ్లరు తల చుట్టూ, దవడ కింద నుంచి చుట్టుకున్నాడు.

"ఎటు పోతున్నవ్?" అన్నాను. "గాలి సల్లగుంది. కుట్లు గుంజుతయ్."

కావ్య లేచి కాలు పట్టుకుంది. వంగి దాని నెత్తి మీద చెయ్యి వేసి, మెల్లగా విడిపించుకున్నాడు.

ఫోన్ నా చేతిలోనే ఉంది. అందులోంచి ఓబులయ్య అన్నకు ఒక్క ముక్క మెసేజీ కొడితే చాలు. నేను చెయ్యి చాచి దాన్ని అతని ముందు పట్టుకున్నాను. దాని వైపు చూశాడు. తీసుకోలేదు. చెప్పులు వేసుకొని, తలుపు తీసి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.